పొడి ఇసుకలోనూ అడుగుజాడ నిలుస్తుంది

సంపాదక మహాశయులకు,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల ప్రాచీన ఎడారుల ఇసుకరాళ్లలో నిలిచిపోయిన జంతువుల అడుగుజాడల గురించి ఒక పూర్తి పేజీ వ్యాసం వచ్చింది. రాక్షసబల్లి తొడ ఎముక దొరికితే పతాక శీర్షిక పెట్టి, అడుగుజాడ దొరికితే లోపలి పేజీలో నాలుగు వాక్యాలతో సరిపెట్టడం పత్రికలకు అలవాటు కనుక, ఈ అంశానికి మీరు ఇంత చోటిచ్చినందుకు ముందుగా ధన్యవాదాలు. వ్యాసం ఆసక్తిగా చదివించింది. అయితే అందులోని కొన్ని మాటలు వాస్తవానికి విరుద్ధంగా ఉన్నాయి. పిల్లలు కత్తిరించి నోటు పుస్తకాల్లో అతికించుకునే పేజీ అది. తప్పును అలాగే వదిలేస్తే చాలాకాలం బతుకుతుంది. అడుగుజాడ నిలవాలంటే బురద ఉండి తీరాలనీ, ఇసుక దిబ్బమీద పడినది గాలికి చెరిగిపోవలసిందేననీ వ్యాసకర్త రాశారు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గ్రాండ్ కాన్యన్ అనే మహాలోయ గోడల్లో కనిపించే జాడలు దాదాపు అన్నీ వాలు ఎక్కుతున్నట్టే ఉండటానికి కారణం, ఆ జంతువులు ముంచుకొస్తున్న వరద నుంచి పారిపోవడమేనన్నారు. స్కాట్లాండ్‌లో దొరికినవి తాబేలు అడుగులని ఒక్క మాటలో తేల్చేశారు. వీటికి తోడు, వ్యాసంతో పాటు అచ్చయిన ఫోటో ఒకటి. దాని సంగతి చివర చెబుతాను.

మొదట బురద మాట. నదీతీరాల్లో, సరస్సుల ఒడ్డున, ఆటుపోట్ల మైదానాల్లో మెత్తటి బురదమీద పడి ఎండి గట్టిపడిన జాడలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి కాబట్టి ఈ పొరపాటు సహజమే. కానీ గ్రాండ్ కాన్యన్‌లో కొకొనినో ఇసుకరాయి అనే లేత పసుపు గోడ ఉంది. సుమారు 28 కోట్ల సంవత్సరాల క్రితం, భూవిజ్ఞానులు పెర్మియన్ అని పిలిచే కాలంలో, గాలి పోగుచేసిన ఇసుక దిబ్బలే అక్కడ రాయిగా మారాయి. ఆ గోడను కాస్త దూరం నుంచి చూస్తే, అలమరలో ఒక పక్కకు ఒరిగిన పుస్తకాల్లాగా వాలుగా పేర్చిన పొరలు కనిపిస్తాయి. ఆ వాలు దిబ్బదే. గాలి ఇసుక రేణువులను చిన్న చిన్న గెంతులతో దిబ్బ వీపు మీదుగా శిఖరానికి చేరుస్తుంది; అక్కడ పోగైన ఇసుక తన బరువును తానే మోయలేక అవతలి పక్కకు జారుతుంది. పొడి ఇసుక సుమారు 34 డిగ్రీల వాలుకు మించి నిలవదు. అలా జారిన ఒక్కొక్క జారుడూ ఒక్కొక్క పొర. గాలి తగిలే వైపు కోసుకుపోతూ, గాలి మరుగు వైపు పొర మీద పొర చేరుతూ దిబ్బ ముందుకు నడుస్తుంది. తర్వాత వచ్చిన దిబ్బ దీని పైభాగాన్ని కోసేసినా, అడుగుభాగంలోని వాలు పొరలు మాత్రం కింద మిగిలిపోతాయి. నేటి రాతిగోడలో మనం చూసేది ఆ మిగిలిన భాగాన్నే.

ఈ వాలు పొరల మీదనే జాడలు ఉన్నాయి. నీటి అడుగున సాఫీగా పేరుకున్న బురద పొరల మీద కాదు.

అయితే పొడి ఇసుక అడుగును పట్టి ఉంచగలదా అన్న అనుమానం న్యాయమైనదే. నాకూ ఆ అనుమానం వచ్చి, ఇంట్లో ఒక చిన్న ప్రయత్నం చేశాను. సన్నని ఇసుకను బాగా జల్లించి, ఎండబెట్టి, వెడల్పాటి చెక్క పళ్లెంలో పోసి, ఒక వైపు కింద ఇటుకలు పెట్టి లేపాను. ఇసుక జారడం మొదలయ్యే దాకా లేపి, ఒక్క పిసరు దించాను. ఆ వాలు మీద ఒక నల్ల పెంకు పురుగును వదిలాను. అది ఎక్కుతున్నప్పుడు కాలు పెట్టిన ప్రతి చోటా చిన్న గుంట పడింది. కాలు వెనక్కి నెట్టిన ఇసుక గుంటకు దిగువన గోరంత నెలవంకలా పోగైంది. గుంటలు తేటగా లేవు గానీ వరుస మాత్రం స్పష్టంగా ఉంది. అదే పురుగును పై అంచు నుంచి దిగువకు వదిలితే, అది అడుగు వేసిన చోటల్లా పై ఇసుక కరిగి కిందికి జారి, వెనక వేసిన అడుగును పూడ్చేసింది. చివరకు పళ్లెంలో మిగిలింది ఒక గజిబిజి చార మాత్రమే. రెండో రోజు పిచికారీతో ఇసుక పైన మంచు పడినంత తడి మాత్రమే చల్లి, కాసేపు ఆగి, పురుగును మళ్లీ వదిలాను. ఈసారి గోళ్ల గుర్తులతో సహా పడ్డాయి. అంచుల దగ్గర పైపొర పెళుసుగా, అప్పడం విరిగినట్టు చిన్న చిన్న పలుకులుగా విరిగింది. దాని మీద రంగు కాస్త తేడాగా ఉన్న పొడి ఇసుకను కాగితం పొట్లం నుంచి సన్నగా జారవిడిచి కప్పేసి, మొత్తాన్ని నెమ్మదిగా తడిపి, చాకుతో నిలువుగా కోసి చూస్తే, కోతలో ఆ గుంటలన్నీ రెండు రంగుల మధ్య గీత మీద చిన్న చిన్న పల్లాలుగా కనిపించాయి. ఇది శాస్త్రప్రయోగం అని నేననను. కానీ ఇసుక మరీ అంత మతిమరుపుది కాదని నాకు నమ్మకం కుదిరింది.

ఎడారిలో జరిగేదీ ఇంతే. రాత్రి పడే మంచుకో, తీరం నుంచి వచ్చే పొగమంచుకో, అరుదుగా పడే జల్లుకో దిబ్బ పైపొర చెమ్మగిల్లుతుంది. రేణువుల మధ్య చిక్కిన సన్నని నీటిపొర వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. తెల్లవారుజామున ఒక జంతువు దాని మీద నడిచి వెళుతుంది. ఎండెక్కి గాలి లేచాక శిఖరం నుంచి పొడి ఇసుక జారి ఆ జాడను మూసేస్తుంది. చెమ్మ పొరకూ పొడి పొరకూ మధ్య అతుకు బలహీనం. దిబ్బల మీద దిబ్బలు చేరి, భూగర్భ జలాలు తెచ్చిన ఖనిజాలు రేణువులను అతికించి రాయిగా మార్చిన తర్వాత కూడా, పగిలితే ఆ అతుకు వెంటే పగులుతుంది. అందుకే అరిజోనాలోని యాష్ ఫోర్క్ వంటి చోట్ల బండలు తీసేవాళ్లు కొకొనినో ఇసుకరాయిని పలకలు పలకలుగా విడదీస్తుంటే, లోపలి ముఖాల మీద జాడలు బయటపడుతుంటాయి. వాళ్లు పగలగొట్టే గీత, ఒకనాటి ఉదయపు దిబ్బ ఉపరితలం.

ఇక వాలు ఎక్కే జాడల సంగతి. వ్యాసకర్త ఎక్కువ ఆకర్షణీయంగా రాసిందీ, ఎక్కువగా తప్పిందీ ఇక్కడే. గ్రాండ్ కాన్యన్ జాడలను 1918లో రిచర్డ్ లల్ అనే శిలాజ శాస్త్రవేత్త శాస్త్రీయంగా వర్ణించాడు. తర్వాత స్మిత్సోనియన్ సంస్థకు చెందిన చార్లెస్ గిల్మోర్ 1924లో మొదలుపెట్టి, హెర్మిట్ కాలిబాట వెంట బండలు విప్పించి వందలాది జాడలను పరిశీలించి, 1926 నుంచి 1928 వరకు వరుసగా మూడు నివేదికలు వెలువరించాడు. కొన్ని పలకలను వాషింగ్టన్‌కు తీసుకెళ్లి, కొన్నింటిని బాటసారులు చూసేలా ఆ దారి పక్కనే ఉంచాడు. చాలా కొద్ది జాడలు తప్ప మిగిలినవన్నీ వాలు ఎక్కుతున్నవేనని గమనించి ఆశ్చర్యపోయినవాడూ ఆయనే. అన్ని జంతువులూ ఎక్కి, ఏదీ దిగకపోవడమేమిటి?

ఆ ప్రశ్నకు సమాధానం వెతికినవాడు ఎడ్విన్ మెకీ. గ్రాండ్ కాన్యన్ ఉద్యానంలో ప్రకృతి పరిశీలకుడిగా ఏళ్ల తరబడి పనిచేసిన ఈయన 1940లలో సన్నటి ఇసుకతో వాలు కట్టి, దాన్ని పొడిగా, చెమ్మగా, తడిగా మార్చి మార్చి ఉంచుతూ, దాని మీద బల్లులనూ ఇతర చిన్న ప్రాణులనూ నడిపించి చూశాడు. పొడి వాలు మీద ఎక్కేటప్పుడు పడిన అడుగులు నిలిచాయి; దిగేటప్పుడు పడినవి జారే ఇసుకలో కలిసిపోయాయి. నా పళ్లెంలో పెంకు పురుగు చూపినది ఆయన ఎప్పుడో పద్ధతిగా చేసి చూపినదే. కనుక రాతిలో ఎక్కుడు జాడలే కనిపిస్తున్నాయంటే జంతువులు ఎక్కడమే తప్ప దిగలేదని కాదు, దిగినవాటి లెక్క రాతికెక్కలేదని అర్థం. దీనికి ఇంకొకటి కలపాలి. గాలి తగిలే వైపు, అంటే ఏటవాలు తక్కువగా ఉండే దిబ్బ వీపు, దిబ్బ కదిలేకొద్దీ కోసుకుపోతుంది. దాని మీద పడిన జాడ ఏదైనా దానితోనే పోతుంది. మిగిలేది జారుడు వైపు పొరలు మాత్రమే. జంతువు ఆ వీపు మీదుగా ఎన్నిసార్లు హాయిగా దిగి వెళ్లినా మనకు తెలిసే దారి లేదు. ఈ రెండు కారణాలతో చిక్కుముడి మొత్తం విడిపోయిందని నేననను. చెమ్మ ఇసుకలో దిగుడు జాడలు కూడా నిలవగలవు. నిలిచినవి కొద్దిగా ఉన్నాయి కూడా. కానీ వరద కథతో పోలిస్తే ఈ వివరణ రాతికి ఎన్నో రెట్లు దగ్గరగా ఉంది. పైగా ఆ జాడల్లో చాలావరకు అడుగుకూ అడుగుకూ మధ్య దూరం తక్కువ. ప్రాణభయంతో పరుగెత్తేది అలా నింపాదిగా నడవదు.

నీటి వాదన గాలిలోంచి పుట్టలేదని కూడా నేను ఒప్పుకోవాలి. లెనార్డ్ బ్రాండ్ అనే పరిశోధకుడు 1979లోనూ, మరొకరితో కలిసి 1991లోనూ, బల్లిలా కనిపించే ఉభయచరాలైన సాలమాండర్లను నీటి తొట్టిలో ఇసుక మీద నడిపించి, అవి వదిలిన జాడలు కొకొనినో జాడలను పోలి ఉన్నాయని ప్రకటించాడు. జంతువు ఒక వైపుకు పోతుంటే వేళ్లు మరో వైపుకు తిరిగి ఉన్న జాడలు, హఠాత్తుగా మొదలై హఠాత్తుగా ఆగిపోయే జాడలు నీటి ప్రవాహానికి కొట్టుకుపోతున్న జంతువులవి కావచ్చునన్నాడు. చేసిన పని చేసినట్టుగా, ఇతరులు పరీక్షించేందుకు వీలుగా ప్రచురించాడు కాబట్టి ఆ వాదనను గౌరవంగానే చూడాలి. కానీ అది నిలవలేదు. వాలు మీద అడ్డంగా నడిచే జంతువు జారిపోకుండా వేళ్లను ఎగువకు తిప్పి గుచ్చుతుంది. దానికి ప్రవాహం అక్కరలేదు. ఇసుకలో ఒక చోట చెమ్మ ఉండి పక్కనే లేకపోతే జాడ అక్కడితో ఆగిపోయినట్టే కనిపిస్తుంది. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం జంతువుల పక్కనే నడిచిన చిన్న ప్రాణులది. అదే ఇసుకరాయిలో సాలీడు జాతివి అనదగిన ఎనిమిది కాళ్ల గుర్తుల వరుసలు ఉన్నాయి. గిల్మోర్ వాటికి ఆక్టోపోడిక్నస్ అని పేరు పెట్టాడు. తేళ్లవిగా భావించే, పేలియోహెల్క్యురా అనే జాడలూ ఉన్నాయి. సూదిమొనంత కాలితో, గడ్డిపోచంత బరువుతో నడిచే ప్రాణి నీటి అడుగున ఇసుక మీద ఇంత తేట గుర్తు పెట్టగలదని నమ్మడం నాకు కష్టం. ఆ ఇసుకరాయి కిందే ఉన్న హెర్మిట్ అనే ఎర్ర పొర పైభాగంలో ఎండి బీటలువారిన పగుళ్లు ఉండటం, ఆ పగుళ్లలోకి పైనుంచి ఈ లేత ఇసుకే దిగి నిండి ఉండటం మరో సంగతి. నేల ఎండి నోరు తెరిచిన తర్వాత వచ్చిన ఇసుక అది.

తాబేలు మాటకు వస్తాను. ఇందులో ఒక ముచ్చట కూడా ఉంది. స్కాట్లాండ్‌లోని డంఫ్రీస్ ప్రాంతంలో కార్న్‌కాకిల్ మ్యూర్ అనే చోట ఎర్ర ఇసుకరాయి గనిలో దొరికిన జాడలను హెన్రీ డంకన్ అనే మతగురువు 1828లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీ ముందు వివరించాడు. శిలాజ అడుగుజాడల మీద వచ్చిన తొలి శాస్త్రీయ నివేదికల్లో అది ఒకటి. పొదుపు బ్యాంకు ఉద్యమానికి ఆద్యుడిగా పేరున్న డంకన్ ఈయనే. ఆ జాడలు ఏ జంతువువో చెప్పమని ఆయన ఆక్స్‌ఫర్డ్‌లోని భూవిజ్ఞాని విలియం బక్లాండ్‌ను అడిగాడు. బక్లాండ్ ఊరికే ఊహించి చెప్పే మనిషి కాదు. కలిపి పరిచిన మెత్తటి పిండి మీద మొసలిని నడిపించి, ఆ జాడలు దానివి కావని తేల్చుకున్నాడు. తర్వాత మూడు జాతుల తాబేళ్లను పిండి మీదా, తడి ఇసుక మీదా, మెత్తటి బంకమట్టి మీదా నడిపించి, రాతి మీది గుర్తులు తాబేలువేనని డంకన్‌కు ఉత్తరం రాశాడు. ఇలాంటి ప్రయోగాన్నే కొందరు పండితుల ముందు ప్రదర్శించినప్పుడు పిండి తాబేలు కాళ్లకు అంటుకుని కదలనివ్వకపోవడంతో, పెద్దమనుషులందరూ చొక్కా చేతులు మడిచి పిండిని మళ్లీ పిసకవలసి వచ్చిందని అక్కడున్న ఒకరు రాసిపెట్టారు. నాకు ఆ దృశ్యం తలచుకున్నప్పుడల్లా నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. జాడను చదవాలంటే బతికున్న కాలును నడిపించి చూడాలని ఆ పిండి ముద్ద దగ్గరే తేలింది. మెకీ బల్లులకు దారి అక్కడినుంచే ఉంది.

ప్రయోగం మంచిదే గానీ ఫలితం తప్పింది. విలియం జార్డిన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1850లో ఆ జాడలకు చెలిక్నస్, అంటే తాబేలు జాడ, అని పేరు పెట్టాడు. కానీ ఆ జాడల్లో పొట్ట భాగం ఈడ్చిన గుర్తు లేదు. వేళ్ల తీరు, ముందు కాలికీ వెనక కాలికీ ఉన్న నిష్పత్తి వేరు. పెర్మియన్ కాలంలో ఈ రకపు తాబేళ్లు ఉన్నట్టు ఆధారమూ లేదు. ఇలాంటి జాడలు వదిలినవి సినాప్సిడ్ల వంశానికి చెందిన జంతువులని, అంటే పాలిచ్చే జంతువులకు చాలా దూరపు పూర్వబంధువులని, ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు. ఇక్కడ పాఠకులు గుర్తుంచుకోవలసిన సూక్ష్మం ఒకటుంది. ఈ శాస్త్రంలో పేరు జాడకు పెడతారు, జంతువుకు కాదు. ఒకే జంతువు పొడి ఇసుకలో ఒక రకంగా, చెమ్మ ఇసుకలో ఇంకో రకంగా, ఎక్కేటప్పుడు ఒక రకంగా, అడ్డంగా నడిచేటప్పుడు మరో రకంగా గుర్తు వదులుతుంది. గిల్మోర్ కాలంలో పదుల కొద్దీ పెట్టిన వేర్వేరు పేర్లను తర్వాతి వాళ్లు కలిపేసి కొన్నింటికి కుదించింది ఇందుకే. ‘చెలిక్నస్ దొరికింది’ అంటే ‘ఆ ఆకారపు జాడ దొరికింది’ అని మాత్రమే. కొకొనినో ఇసుకరాయిలో ఇంతవరకు ఆ జంతువుల ఎముకలు దొరకలేదు. ఎముక లేని చోట జంతువుకు నిర్ధారణగా పేరు పెట్టడం, సంతకం చూసి మనిషి రూపురేఖలు వర్ణించడం లాంటిది.

అయితే ఎముక చెప్పలేని కొన్ని సంగతులు జాడ చెబుతుంది, వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమైనా చోటు దక్కి ఉంటే బాగుండేది. 2016లో నార్వేకు చెందిన భూవిజ్ఞాన ఆచార్యుడు అలన్ క్రిల్ తన విద్యార్థులతో గ్రాండ్ కాన్యన్‌లోని బ్రైట్ ఏంజెల్ కాలిబాట వెంట నడుస్తూ, కొండచరియ నుంచి విరిగిపడిన ఒక బండ మీద గుర్తులు గమనించాడు. ఆ ఫోటోను నెవాడా విశ్వవిద్యాలయంలోని స్టీఫెన్ రోలాండ్‌కు పంపాడు. రోలాండ్ బృందం 2020లో ప్రచురించిన పరిశీలన ప్రకారం ఆ బండ కొకొనినో కన్నా చాలా పాతదైన మనకాచ పొరలది. వయసు సుమారు 31.3 కోట్ల సంవత్సరాలు. దాని మీద రెండు జాడల వరుసలున్నాయి, రెండూ ఒకే దిబ్బ వాలు మీద వేర్వేరు సమయాల్లో పడినవి. మొదటి వరుసలో జంతువు ఎడమ వెనకకాలు, ఎడమ ముందుకాలు, కుడి వెనకకాలు, కుడి ముందుకాలు అన్న క్రమంలో నింపాదిగా నడిచింది. కుక్కా పిల్లీ తీరుబడిగా నడిచేటప్పుడు వేసే వరుస ఇదే. కాలి ఎముకలు పది దొరికినా అవి ఏ క్రమంలో కదిలాయో ఊహించవలసిందే. ఇక్కడ ఆ క్రమం రాతి మీద రాసి ఉంది. వేల మంది బాటసారులు పక్కనుంచి వెళ్లిన బండ అది.

పక్కనుంచి కాదు, పైనుంచే నడిచి వెళ్లిన ఉదాహరణ బ్రెజిల్‌లో ఉంది. అక్కడి బొటుకాటు ఇసుకరాయి రాక్షసబల్లులు తిరిగిన క్రెటేషియస్ యుగపు తొలిదశలోని ఒక మహా ఎడారి అవశేషం. అరారాక్వారా నగరంలో కాలిబాటలకు పరిచిన బండలు ఆ రాతి గనుల నుంచే వచ్చాయి. జ్యుసెప్పే లియొనార్డి అనే ఇటాలియన్ మతగురువు, శిలాజ శాస్త్రవేత్త కూడా, 1970లలో ఆ కాలిబాటల మీద నడుస్తూ తల వంచి చూడగా, బండల మీద చిన్న జంతువుల జాడలు కనిపించాయి. ఆ తర్వాత ఆయన గనుల దగ్గరకు వెళ్లి ఇంకెన్నో పట్టుకున్నాడు. పాలిచ్చే జంతువులకు దగ్గరివాటివిగా తోచే చిన్న గుండ్రటి జాడలకు 1981లో బ్రసిలిక్నియం అని పేరు పెట్టాడు. అదే రాతిలో 2004లో మరో విచిత్రం ప్రచురితమైంది: దిబ్బ వాలు మీద ఒక గుంట, దాని కింద ద్రవం ధారగా పారిన గుర్తు. ఉష్ట్రపక్షి ఇసుకలో మూత్రం పోసినప్పుడు పడే గుర్తుతో పోల్చి చూసి, అది రాక్షసబల్లి వదిలిన గుర్తు కావచ్చునని పరిశోధకులు రాశారు. కోట్ల సంవత్సరాల తర్వాత మిగలడానికి ఎముకకు లేని భాగ్యం దానికి పట్టింది! ఇసుక ఏదీ దాచుకోదన్న మాటకు ఇంతకన్నా గట్టి జవాబు నాకు తోచదు. ఈ సంగతి మీ అనుబంధంలో వచ్చి ఉంటే పిల్లలు వ్యాసాన్ని రెండుసార్లు చదివేవారు.

గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లేవాళ్లు ‘గుర్తుగా ఒక ముక్క తెచ్చుకోవచ్చు’ అన్న ధ్వని వ్యాసం చివరి పేరాలో ఉంది. అది సవరించాలి. అక్కడి జాతీయ ఉద్యానాల్లో రాయిని గానీ శిలాజాన్ని గానీ తీసుకెళ్లడం నేరం. ప్రభుత్వ భూముల్లోని శిలాజాల రక్షణకు 2009లో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. జాడ విషయంలో ఈ నిబంధనకు మరింత అర్థముంది. ఎముకను తీసి మ్యూజియంలో పెట్టినా ఎముకే. జాడను మాత్రం వాలు నుంచి విడదీసి తెస్తే అది ఏ దిక్కుకు నడిచిందో, ఎక్కిందో దిగిందో, పక్కనే ఇంకెవరు నడిచారో పోతుంది. చేతిలో మిగిలేది ఒక గుంట.

ఇక ఫోటో. వ్యాసం మధ్యలో ఉన్న పెద్ద చిత్రంలో జాడలు బుడిపెల్లాగా పైకి ఉబ్బి కనిపించాయి. ‘దిబ్బ దిగుతున్న జంతువు పాదముద్రలు’ అని కింద రాశారు. జాడలన్నీ ఎక్కుతున్నవేనని వ్యాసం అంటుంటే చిత్రం కింది మాట అందుకు విరుద్ధంగా ఎలా ఉందా అని మొదట కంగారుపడ్డాను. ఆ తర్వాత పత్రికను తలకిందులు చేసి చూశాను. ఒక్క క్షణంలో బుడిపెలన్నీ గుంటలైపోయాయి. మన కళ్లు వెలుగు పైనుంచి పడుతుందని అనుకునే అలవాటున్నవి. వెలుగు కింది నుంచి వస్తున్నట్టుగా ఫోటో అచ్చయితే పల్లం మెరకగా, మెరక పల్లంగా తోస్తుంది. జాడల ఫోటోలను వెలుగు పై ఎడమ మూల నుంచి పడేటట్టు అచ్చువేయడం ఇందుకే ఆనవాయితీ. నిజంగానే ఉబ్బెత్తుగా ఉండే జాడలు కూడా ఉంటాయి, గుంటను నింపిన పై పొర అడుగు వైపు అచ్చు అలా ఉంటుంది. కానీ ఇది అది కాదు, ఎందుకంటే తిప్పి చూసిన చిత్రంలో ప్రతి గుంటకూ దిగువన, నా పళ్లెంలో పెంకు పురుగు వదిలినట్టే, ఇసుక పోగు నెలవంకలా ఉంది. ఆ జంతువు దిగడం లేదు, ఎక్కుతోంది. వచ్చే ఆదివారం ఆ చిత్రాన్ని సరైన దిశలో, పక్కన కొలబద్దతో, వాలు ఎటువైపో చూపే బాణం గుర్తుతో మళ్లీ అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు